రంగు పోవాలి, రేకు మిగలాలి

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌కు తెలుగు కొత్త కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాల తర్వాతి తరాలు ఇప్పటికీ ఈ ఊళ్లో ఉన్నాయి. వాళ్లలో చాలామందిని ఇక్కడికి రప్పించింది రైల్వే వర్క్‌షాపే. పెట్టెలు, వ్యాగన్లు బాగుచేసే ఇలాంటి ఏ షాపులోనైనా కొత్త రంగు వేసే ముందు పాత రంగును ఎలా ఊడదీయాలన్న ప్రశ్న వస్తుంది.

గాలి ఒత్తిడితో ఇసుక కొట్టడం పాత పద్ధతి. పగిలిన ఇసుక నుంచి లేచే సిలికా ధూళి ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. సిలికోసిస్ అనే ఆ జబ్బుకు మందు లేదు. పోతపోసిన లోహాలను ఇసుకతో శుభ్రం చేయడాన్ని బ్రిటన్ 1949 నిబంధనలతోనే ఆపించింది. రసాయనంతో రంగు ఊడదీద్దామంటే మిథిలీన్ క్లోరైడ్ ఆవిర్లతో మరో బెడద. అమెరికాలో హిల్ వైమానిక స్థావరం 1980లలో ఎఫ్-4 యుద్ధవిమానాల మీద ప్లాస్టిక్ రేణువులు ప్రయోగించింది అందుకే.

ప్లాస్టిక్ అంటే ఒకటే రకం కాదు. మోస్ కాఠిన్య కొలమానంలో ఇసుక 7 అయితే, పాలియెస్టర్ రేణువులు సుమారు 3. పాత స్విచ్చులు చేసిన యూరియా ఫార్మాల్డిహైడ్, యాక్రిలిక్ దాదాపు 3.5. భోజనం పళ్లాల మెలమైన్ 4. అల్యూమినియం వీటన్నిటికన్నా మెత్తన! మరి దాని రేకు ఎలా బతుకుతుంది? ఉక్కు గుళ్ల సాంద్రత 7.8 అయితే ప్లాస్టిక్‌ది 1.5 దరిదాపుల్లోనే. పైగా చదరపు అంగుళానికి 20 నుంచి 40 పౌండ్ల ఒత్తిడి చాలు. అందుకే దెబ్బ తేలిక. అయినా ఒకేచోట గొట్టం నిలిపితే పలుచని రేకు వంకర పోతుంది. ఫైబర్ భాగాలకు పాలియెస్టర్‌తో మొదలుపెట్టడమే క్షేమం.

ఎల్‌హెచ్‌బీ పెట్టెల శరీరం స్టెయిన్‌లెస్ స్టీలు. ఇనుప రవ్వతో కొడితే అందులో దిగిన తునకలు తర్వాత తుప్పు మరకలవుతాయి. ప్లాస్టిక్‌తో ఆ భయం లేదు. కానీ తుప్పుపట్టిన మామూలు ఉక్కు మీద ప్లాస్టిక్ కొనడం డబ్బు దండగ. అది గట్టి తుప్పును తొలచదు, రంగు పట్టడానికి కావలసిన గరుకునూ ఇవ్వదు. అక్కడ ఉక్కు రవ్వే నయం.

వాడిన రేణువుల్ని జల్లించి మళ్లీ వాడొచ్చు. ఆ కుప్పలో కాస్త ఇసుకో ఇనుప తునకలో కలిశాయంటే మెత్తని రేణువులకు పెట్టిన ఖర్చు వృథా. ధూళి మాత్రం ఇక్కడా ఉంది. పాత రంగులో సీసం, క్రోమేట్లు ఉండొచ్చు. ప్లాస్టిక్ పొడి అంటుకోగలదు కూడా. కాబట్టి గొట్టానికి ఎర్తింగు, పనివాడి తలకు బయటి గాలి అందించే హెల్మెట్టు, గదికి ధూళి లాగే యంత్రం రేణువులతోపాటే కొనాలి.