చిలక పని చేసేది గింజ కోసం

తీర్థంలోనో సంతలోనో చిలక జోస్యం మీరు చూసే ఉంటారు. మా బొబ్బిలి వైపు ఇది కొత్త కాదు. జోస్యుడు పంజరం తలుపు తీస్తాడు. చిలక బయటికి వస్తుంది. వరసగా పెట్టిన కార్డుల్లోంచి ఒకటి ముక్కుతో లాగుతుంది. మళ్లీ బుద్ధిగా పంజరంలోకి పోతుంది. "చూశావా అమ్మా! నీ పేరు చెప్పగానే తీసింది" అంటాడు జోస్యుడు.

చిలక మీ పేరు విని తీసిందా? లేదు. గింజ కోసం తీసింది. ఏ కార్డు తీసినా దానికి గింజ దొరుకుతుంది. కార్డు మీద ఏముందో దానికి తెలీదు. చదువు మీకు వచ్చింది గాని చిలక్కి రాలేదు కదా! పిల్ల పెళ్లి సంగతీ, పొలం అమ్మకం సంగతీ దాన్ని అడిగి ఏం లాభం?

మరి అంత బాగా ఎలా నేర్చుకుంది?

మొదట కార్డును ముక్కుతో తాకితే చాలు, ఒక వడ్లగింజ పెడతారు. కొన్నాళ్లకి పట్టుకుంటేనే పెడతారు. తర్వాత లాగితేనే. పని చేసిన వెంటనే గింజ అందాలి. ఆలస్యమైతే ఎందుకు పెట్టారో చిలక్కి తెలీదు. ఒక్కసారే గుప్పెడు పెడితే కడుపు నిండిపోతుంది, ఇంక పని చెయ్యదు. అలాగని పస్తు పెట్టకూడదు. కొడితే మనిషి దగ్గరికే రాదు.

తిండి ఒక్కటే చాలదు, విసుగు కూడా పుట్టకూడదు. అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త ఉన్నారు. ఆవిడ 1977 నుంచి 30 ఏళ్లు అలెక్స్ అనే ఆఫ్రికా చిలకకు పాఠాలు చెప్పారు. అది రంగులు, ఆకారాలు నేర్చింది. తాళంచెవి పేరు చెబితే ఆడుకోడానికి తాళంచెవే ఇచ్చేవారు. కాని అడిగిందే అడిగితే అలెక్స్‌కి విసుగొచ్చేది. తప్పు జవాబులు చెప్పేది. పంజరంలోకి పోతానని గొడవ చేసేది. రాత్రి బడి నడిపే మాకు ఇది వింతగా తోచదు! అందుకే పాఠం కొద్ది నిమిషాలే ఉండాలి. హుషారు ఉండగానే ఆపాలి. అలెక్స్ 2007లో చనిపోయింది.

ఇదంతా చదివి రామచిలక పిల్లను కొనేరు సుమా! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలకను పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. మూడేళ్ల దాకా జైలు గాని, లక్ష రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. 2024 ఏప్రిల్‌లో తమిళనాడులోని కడలూరులో ఒక చిలక, ఎన్నికల్లో ఫలానా ఆయన గెలుస్తాడని కార్డు తీసింది. అటవీ అధికారులు వచ్చి జోస్యుణ్ణి పట్టుకున్నారు. తర్వాత హెచ్చరించి వదిలారు. పాపం, అతనిదీ పొట్టకూటి పనే. కాని పిల్లల్ని చెట్టు తొర్రలోంచి లాగి తెస్తేనే ఆ పని నడుస్తుంది. అదే రామచిలక 2018 నుంచి మన రాష్ట్ర పక్షి కూడా.

పక్షిని పెంచాలని ముచ్చటగా ఉంటే, లవ్‌బర్డ్స్ అని అమ్మే చిన్న పక్షులున్నాయి. వాటి పుట్టిల్లు ఆస్ట్రేలియా. వాటికి కొర్రగింజలంటే ప్రాణం. పైన చెప్పిన పద్ధతిలోనే చేతి మీదికి రావడం నేర్పవచ్చు.

మీ ఇంట్లో ఇప్పటికే రామచిలక ఉంటే తలుపు తీసి వదిలెయ్యకండి. రెక్కల ఈకలు కత్తిరించిన చిలక ఎగరలేదు, పిల్లి పాలవుతుంది. అటవీ శాఖ ఆఫీసులో అప్పగించండి. పాత ఈకలు రాలి కొత్తవి వచ్చాక అది మళ్లీ ఎగరగలదు.