పాత టెర్మినల్‌ను నెట్‌వర్క్‌కు కలపడం: ప్రవాహ నియంత్రణ సమస్య

1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ విడుదల చేసిన వీటీ100 టెర్మినల్‌ను నేటి నెట్‌వర్క్‌కు అనుసంధానించడంలో ఆర్‌ఎస్-232 వోల్టేజీల మార్పిడి సులభమే. మాక్స్232 వంటి చిప్ చాలు. అసలు చిక్కు ప్రవాహ నియంత్రణది. ఈ టెర్మినల్ బఫర్‌లో 64 అక్షరాలే పడతాయి. వాటి సంఖ్య 32కు చేరగానే, ప్రసారం ఆపమని ఎక్స్‌ఆఫ్ సంకేతం వెలువడుతుంది. సెకనుకు 9600 బిట్ల వేగంలో, అక్షరానికి 10 బిట్ల చొప్పున, మిగిలిన చోటు దాదాపు 33 మిల్లీసెకన్లలో నిండుతుంది. ఆలోగా దూరపు సర్వర్ ఆగకపోతే అక్షరాలు నశిస్తాయి. కనుక ఎక్స్‌ఆఫ్‌ను టెర్మినల్ పక్కనున్న సీరియల్ కన్వర్టరే గ్రహించి, వచ్చిన సమాచారాన్ని తన మెమరీలో నిలపాలి. ఆ మెమరీ నిండినప్పుడు సర్వర్‌ను నిలువరించే పని టీసీపీ చూసుకుంటుంది. కన్వర్టర్‌లో ఈ నియంత్రణ పద్ధతిని నెట్‌వర్క్ మీదుగా నిర్దేశించే విధానాన్ని 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2217 నిర్వచించింది. పాత యంత్రపు కాలపరిమితులను దాని చెంతనే పాటించడం ఈ అనుసంధానానికి మూలసూత్రం.