ఈ కాయను మేక ఎందుకు ముట్టదు?

బంట్వారం చేలగట్ల మీద రేగుపండ్లు ఏరుకునే పిల్లలు పచ్చగన్నేరు కాయ జోలికి మాత్రం పోవద్దు. ఎందుకు? దాని గింజలో, ఆకులో, పాలలో థెవెటిన్ వంటి విషాలున్నాయి. అవి గుండె లయను చెడగొడతాయి, ప్రాణమే పోవచ్చు. మేక తెలివైనది, ఆ చేదు జోలికే రాదు. అందుకే దీన్ని కంచెగా నాటుతారు.

ఎలా గుర్తుపట్టాలి? రేగుకు ముళ్లుంటాయి. గుండ్రటి ఆకును తిరగేస్తే అడుగున తెల్లటి నూగు, మొదట్నుంచి సాగే మూడు ఈనెలు కనిపిస్తాయి. పచ్చగన్నేరుకు ముల్లుండదు. సన్నటి పొడవాటి ఆకు తుంచితే పాలు కారతాయి. ఆకుపచ్చ కాయ పండితే నల్లబడుతుంది.

గింజలో ప్రమాదం పచ్చగన్నేరుకే పరిమితం కాదు. బజార్లో కొనే చెర్రీ, ప్లమ్ తినండి. గింజలు మాత్రం నమలొద్దు, వాటిలోంచి సైనైడ్ పుడుతుంది.

ఎవరైనా పచ్చగన్నేరు గింజ తింటే ఉప్పునీళ్లు తాగించి కక్కించే పాత అలవాటు వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి, మిగిలిన కాయను డాక్టరుకు చూపండి.