పక్షిశాలలో నుంచదగిన మొక్కలు

మా వసారాలో ఇనుపవలతో గట్టించిన చిన్న పక్షిశాల యొకటి కలదు. అంగళ్లలో లవ్ బర్డ్స్ అని పేరుపెట్టి అమ్మెడి బడ్జెరిగార్ పక్షులు ఆఱు అందుండెడివి. ఇవి ఆస్ట్రేలియా దేశపు చిలుకలు. మన రామచిలుకను పట్టి పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము గావున, చిలుకపై ముచ్చటగల యిండ్లలో నేడు వీనినే పెంచుచున్నారు.

ఇనుపవలల నడుమ కొంత పచ్చదనముండిన బాగుండునని తోచి, పూజకై పెంచుకొన్న గన్నేరునుండి యొక కొమ్మ విరిచి లోపల గట్టితిమి. చూచువారికి కన్నులపండువుగానే యుండెను. మరునాటి యుదయమున రెండు పక్షులు నేలపై పడియుండెను. కొమ్మపై బెరడు గిల్లిన గుర్తులు చూచినపిదప గాని కారణము మాకు బోధపడలేదు.

చిలుకజాతి పక్షి తాను కూర్చున్న దానినెల్ల కొఱికి చూచును. కాబట్టి దానియొద్ద మొక్కనుంచుట యనగా విస్తరిలో వడ్డించుటయే. గన్నేరు ఆకు, పువ్వు, బెరడు, వేరు అన్నిటియందును గుండె నడకను చెఱుచు విషము కలదు. పచ్చగన్నేరును అట్టిదే. పక్షి తూకము 30, 40 గ్రాములు. అంతటి ప్రాణమునకు ఎంత కావలెను?

ఉమ్మెత్త, జిల్లేడు, ఆముదము, గురివింద విషములని అందఱెఱిగినవే. మనలను మోసగించునవి ముంగిటిలోని యలంకారపు మొక్కలు. మనీప్లాంటు, డిఫెన్‌బేకియా ఆకులలో సూదులవంటి స్ఫటికములుండును. కొఱికిన నోరు, గొంతు మండి వాచును. మనము ప్రీతితో భుజించు అవొకాడో పండును, దాని ఆకును పక్షులకు ప్రాణాంతకములు.

ఇప్పుడు మేము జామకొమ్మలు, వేపకొమ్మలు గట్టుచున్నాము. ఒకచోట సన్నముగను, ఒకచోట లావుగను ఉండుటచే పక్షుల పాదములకు అవి నున్నని కఱ్ఱకంటె హితము. వేప చేదుగదా యని మా అత్తగారు సందేహించిరి గాని, పక్షులు బెరడును సంతోషముగా నొలుచుకొనుచున్నవి. కుండీలలో మందార, తులసి, కొత్తిమీర యుంచవచ్చును. అన్నిటికంటె వానికి ప్రియమైనది పళ్లెములో చల్లి మొలిపించిన కొఱ్ఱపైరు. వేళ్లెడు పెరుగగానే లోపలనుంచిన, సాయంకాలమునకు మోడులే మిగులును. కావున రెండు పళ్లెములు కావలెను: ఒకటి లోపల, ఒకటి వెలుపల చిగిర్చుచు.

నర్సరీనుండి తెచ్చిన మొక్క మంచిజాతిదైనను నేరుగా లోపలికి పోరాదు. పురుగుమందులు కొన్ని ఆకుపై నిలుచుటయే గాక మొక్కలోనికి నింకును. అట్టివి కడిగినను పోవు. కొన్ని వారములు వెలుపలనుంచి, మందు కొట్టక, క్రొత్త చిగురు పెరిగినపిదప ఉంచవలెను. ఇంటి విత్తనముతో మొలిపించిన దానికి ఈ చిక్కే లేదు.

గన్నేరు మా పెరటిలో నేటికిని కలదు. పూజకు పువ్వులు కోసినపిదప చేతులు కడిగికొనక పక్షిశాల తలుపు తీయము.