మెయిన్ బోర్డుకు మూత



తొలకరి దగ్గర పడిందంటే విత్తనాల సంగతి చూసుకుంటాం, ఇంటి మీద రేకు లేచివుంటే సర్దుకుంటాం. మరి వసారా గోడకున్న మెయిన్ స్విచ్చి, ఫ్యూజుల సంగతో? గాలివాన కొడితే జల్లు నేరుగా వాటి మీదికే వస్తుంది. దీపాలు పోయాయని చీకట్లో, తడి చేత్తో, తడి నేల మీద నిలబడి మనం తడిమేది కూడా ఆ బోర్డునే. అక్కడ వుండేది 230 వోల్టులు. మూడు ఫేజుల కనెక్షనైతే ఫేజుకూ ఫేజుకూ మధ్య 415.

"పెట్టె వుంది కదండీ!" అంటారు మీరు. వుంది, కాని ఏపాటి పెట్టె? పెట్టె మీద గాని, దానితో వచ్చిన కాగితం మీద గాని ఐ.పి. అనే అక్షరాలూ, పక్కన రెండంకెలూ వున్నవేమో చూడండి. మొదటి అంకె లోపలికి ఏవి దూరవో చెబుతుంది. 2 అంటే మనిషి వేలు దూరదు. 4 అంటే ఒక మిల్లీమీటరు మందం తీగ కూడా దూరదు. 5 అయితే హాని చేసేటంత దుమ్ము చేరదు, 6 అయితే దుమ్మే పోదు. రెండో అంకె నీటి సంగతి. సున్న అంటే నీటికి అడ్డే లేదన్నమాట. 4 అంటే ఏ వైపునుంచి నీళ్లు చిందినా ఫరవాలేదు. 5 అంటే గొట్టంతో చిమ్మినా తట్టుకుంటుంది. కనుక ఐ.పి. 20 పెట్టె ఇంటి లోపల, పొడిగా వున్న గోడకు. బయటి వసారాకు 54కు తగ్గకుండా తీసుకోండి. వాన సూటిగా కొట్టే చోటైతే, మోటారు దగ్గరైతే 55 గాని 65 గాని మేలు.

వేలు పట్టని సందులో బల్లి పడుతుంది సుమా! దీపానికి పురుగు వస్తుంది, పురుగు కోసం బల్లి వస్తుంది. అది ఫేజుకూ న్యూట్రల్‌కూ అడ్డంగా పడితే తాను చస్తుంది, ఫ్యూజునూ తీసుకుపోతుంది. చీమలు మట్టి తెచ్చిపోస్తాయి, కందిరీగ గూడు కడుతుంది. ఎండాకాలమంతా ఆ మట్టి ఊరుకుంటుంది. తేమ తగిలిందా, అదే కరెంటుకు దారి. లోపల నల్లని సన్నటి చార కాలినట్టు కనిపిస్తే తుడిచి ఊరుకోవద్దు. ఆ సామాను మార్చవలసిందే.

అసలు చిక్కు ఇంకోటుంది. ఆ అంకెలు పెట్టె తయారైనప్పటివి. తలుపు బిగించి, రబ్బరు సరిగా వున్నప్పుడే చెల్లుతాయి. కొత్తగా కూలరు కొన్నామని పెట్టె నెత్తిన చిల్లు పొడిచి వైరు దింపితే, 55 అని రాసివున్నా ఆ పెట్టె వాననీటికి గరాటే. వైర్లు కిందినుంచే పోనివ్వండి. ప్రతి వైరుకూ బిగుతుగా పట్టే గ్లాండు వెయ్యండి. వాడని చిల్లులకు మూతలు పెట్టండి. గుడ్డపీలికలు కుక్కడం మూత కాదు. వైరు లోపలికి పోయేముందు కొంచెం కిందికి వంగి పైకి లేస్తే, దాని వెంట జారే నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. తలుపు రబ్బరు ఎండకు గట్టిపడి పగిలితే మార్చండి.

కొందరు స్టార్టరు పెట్టెకు యూరియా సంచి తొడిగి తాడు కడతారు. ఉపాయం బాగానే వున్నట్టుంటుంది. కాని సంచి కింద చెమ్మ పట్టి పెట్టె తుప్పు పడుతుంది. పైగా మోటారు వెయ్యాలన్నా ఆపాలన్నా ఆ తడి సంచినే చేత్తో ఎత్తాలి గదా! సంచి ఖర్చు లేదు నిజమే, ప్రాణానికి మాత్రం పూచీ లేదు.

ఇనప పెట్టెకు ఎర్త్ తీగ తప్పనిసరి, తలుపుకూ కలపాలి. ఎర్త్ లేని ఇనప పెట్టెలో ఒక వైరు ఒరుసుకుపోతే పెట్టె యావత్తూ కరెంటే. ఫ్యూజు కాపాడుతుందనుకోకండి. 5 ఆంపియర్ల ఫ్యూజంటే 5000 మిల్లీ ఆంపియర్లు. మనిషి ప్రాణం తియ్యడానికి అందులో నూరో వంతు చాలు. అందుకే 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపడే ఆర్.సి.సి.బి. పెట్టించండి. నెలకొకసారి దాని మీది పరీక్ష బొత్తాం నొక్కి, పడుతోందో లేదో చూడండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. పొలం చూడబోయినప్పుడు స్టార్టరు పెట్టెను కూడా ఒకసారి చూడండి, ముట్టుకోకుండా. తలుపు లేకపోయినా, నెత్తిన చిల్లున్నా రైతుకు అక్కడే చెప్పండి.

పెట్టె మార్చేది వాన రాకముందు, పగటిపూట, తెలిసిన ఎలక్ట్రీషియను చేత. మెయిన్ ఆపినంత మాత్రాన అంతా చచ్చిపోయిందనుకోవద్దు. మీటరునుంచి మెయిన్ దాకా వచ్చే వైర్లలో కరెంటు వుంటూనే వుంటుంది. అటువైపు పని పడితే లైన్‌మన్‌కు కబురు పెట్టి, ఆయన వచ్చి సరఫరా ఆపేవరకు పెట్టె తెరవకండి.