చేతికి చూసే బీపీ మామూలే.. మరి ఊపిరితిత్తుల్లో?

రెండు అంతస్తులు ఎక్కేసరికి ఆయాసం. బీపీ చూస్తే 120/80. 'ఏం లేదు, నీరసమే' అనుకుని ఊరుకుంటున్నారా? చేతికి కట్టే ఆ పట్టీ ఊపిరితిత్తుల్లోని ఒత్తిడిని కొలవలేదు. గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే ధమనిలో పెరిగే బీపీ వేరు. దాన్నే పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటారు. విశ్రాంతిలో ఆ ధమనిలో సగటు ఒత్తిడి 20 దాటితే జబ్బు కిందే లెక్క. మొన్నటిదాకా ఈ గీత 25 దగ్గర ఉండేది.

ఎందుకొస్తుంది?

ఎక్కువ మందిలో మూలం గుండె ఎడమవైపే. అది బలహీనపడినా, చిన్నప్పటి కీళ్లవాత జ్వరంతో కవాటం మూసుకుపోతున్నా రక్తం వెనక్కి ఎగదన్నుతుంది. తర్వాతి వంతు ఊపిరితిత్తుల జబ్బులది. పొగతాగడంతో పాటు కట్టెల పొయ్యి పొగ కూడా ఇందులో నిందితురాలే. జీవితంలో బీడీ ముట్టని ఆడవాళ్లకూ సీఓపీడీ వచ్చేది ఇలాగే.

మన ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది: దుమ్ము. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాతి గనులు, పాలిష్ యూనిట్లు. పులివెందుల చుట్టూ ముగ్గురాయి, ఒకప్పుడు రాతినార గనులు. రాతినారకు కొత్త లీజులివ్వడం కేంద్రం 1986లోనే ఆపేసింది. అయితే ఆ దుమ్ము చేసే నష్టం పదేళ్లకో, ముప్పై ఏళ్లకో బయటపడుతుంది. సిలికా, రాతినార ఊపిరితిత్తులను గట్టిపరిస్తే లోపలి రక్తనాళాలు ఇరుకవుతాయి, ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి మీరు గానీ, మీ నాన్నగారు గానీ గనిలో పనిచేసి ఉంటే, మానేసి ఎన్నేళ్లయినా సరే, ఎంతకాలం చేశారో డాక్టరుకు చెప్పండి. ఆయన అడక్కపోయినా చెప్పండి.

కాళ్లలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి చేరి కరగకుండా ఉండిపోవడం, పుట్టుకతో గుండెలో రంధ్రం, నిద్రలో ఊపిరి ఆగుతూ వచ్చే గురక, హెచ్ఐవీ, లూపస్, బరువు తగ్గించే కొన్ని మందులు కూడా కారణాలే. కొందరిలో వంశపారంపర్యంగా వస్తుంది.

ఎక్కడికెళ్లాలి?

ఆయాసంతో పాటు పాదాల వాపు, పెదవులు నీలంగా మారడం, గుండె దడ ఉంటే ఆలస్యం చేయొద్దు. స్పృహ తప్పితే వెంటనే 108కి ఫోన్ చేయండి. మొదట కావాల్సింది టూడీ ఎకో. ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రిలోనో, కడప రిమ్స్‌లోనో చూపించుకుని, ఎకో అవసరమా అని మీరే అడగండి. ఎకో చెప్పేది అంచనా మాత్రమే. కచ్చితంగా తేల్చేది కుడి గుండెలోకి సన్నని గొట్టం పంపి చేసే పరీక్ష. దానికి పెద్ద ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఎన్టీఆర్ వైద్య సేవలో ఏది వర్తిస్తుందో అక్కడి వైద్యమిత్రను అడిగి తెలుసుకోండి.

ఈ జబ్బు ఉన్నవారికి గర్భం ప్రాణాంతకం కావచ్చు. పెళ్లయిన అమ్మాయికి కారణం తెలియని ఆయాసం ఉంటే, పిల్లల ఆలోచన కంటే ముందే ఎకో చేయించండి.