అండీస్ కనుమలో క్రీస్తు విగ్రహం

అర్జెంటీనా, చిలీ సరిహద్దు మీద, 3,800 మీటర్లకు పైబడిన ఎత్తున, అండీస్ కనుమలో క్రీస్తు కంచు విగ్రహం ఉంది. ఎడమచేత శిలువ పట్టుకుని, కుడిచెయ్యి ఎత్తి దీవిస్తున్నట్టు నిలబడి ఉంటాడు. మాతేయో అలోన్సో మలిచిన ఈ విగ్రహాన్ని భాగాలుగా విడదీసి, కంచర గాడిదల మీద కొండెక్కించి, 1904 మార్చి 13న ఆవిష్కరించారు. బొమ్మలు యుద్ధాలను ఆపుతాయా అని కొందరు పెదవి విరుస్తారు. నిజమే, ఈ విగ్రహం ఏ యుద్ధాన్నీ ఆపలేదు. రాబోయిన యుద్ధం రెండేళ్ల ముందే తప్పిపోయింది. అది ఎలా తప్పిందో మరిచిపోకుండా చూడటమే ఈ విగ్రహానికున్న విలువ.

రెండు దేశాల తగవుకు మూలం వాటి మధ్య 1881లో కుదిరిన సరిహద్దు ఒప్పందంలోనే ఉంది. నీళ్లను అటూ ఇటూ పంచే ఎత్తైన శిఖరాల వెంట సరిహద్దు సాగుతుందని అందులో రాసుకున్నారు. తీరా చూస్తే దక్షిణాన పటగోనియాలో శిఖరాలు ఒకచోట, నీళ్లు విడిపోయే గట్టు మరోచోట ఉన్నాయి. శిఖరాలే హద్దని అర్జెంటీనా, నీళ్ల గట్టే హద్దని చిలీ పట్టుబట్టాయి. మాటలు ముదిరి రెండు దేశాలూ పోటీపడి యుద్ధనౌకలు కట్టించసాగాయి. చివరికి 1902 మేలో తగవులను బ్రిటిష్ రాజు మధ్యవర్తిత్వానికి వదలడానికీ, నౌకాబలం తగ్గించుకోవడానికీ ఒప్పుకున్నాయి. ఆ నవంబరులో వచ్చిన ఏడవ ఎడ్వర్డ్ తీర్పు ఎవరి వాదననూ పూర్తిగా నెగ్గనివ్వలేదు. ఇద్దరూ తలవంచారు. తయారవుతున్న ఓడల్లో చిలీవి బ్రిటన్ కొంది, అర్జెంటీనావి జపాన్ కొంది. జపాన్‌కు చేరిన ఆ ఓడలే 1904లో రష్యాపై యుద్ధానికి దిగడం చేదు నిజం. ఆ చేదు వల్ల అండీస్‌లో దక్కిన శాంతి అబద్ధమైపోదు.

బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. రెండు దేశాలూ తమవంటున్న బీగిల్ జలసంధి దీవులు చిలీవేనని 1977లో వచ్చిన మధ్యవర్తిత్వ తీర్పును అర్జెంటీనా సైనిక ప్రభుత్వం తోసిపుచ్చింది. 1978 డిసెంబరులో రెండు సైన్యాలూ యుద్ధం అంచుకొచ్చాయి. అంటే విగ్రహమే కాదు, మధ్యవర్తిత్వం కూడా ఓడిపోయినట్టేనా? కాదు. పోప్ రెండవ జాన్ పాల్ పంపిన కార్డినల్ ఆంతోనియో సమోరే ఇరుపక్షాలనూ మళ్లీ చర్చలకు కూర్చోబెట్టారు. 1984 నవంబరులో అర్జెంటీనా ప్రజలు భారీ మెజారిటీతో రాజీకి ఓటేశారు. దీవులు చిలీకే దక్కాయి. ఆ నెలలోనే శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యాయి. తాము కోరుకున్న దీవులు దక్కవని తెలిసి కూడా ప్రజలు శాంతినే ఎంచుకున్నారు. అందుకే ఆ కనుమకు వెళ్లేవారికి విగ్రహం కథతో పాటు 1902 తీర్పు, 1984 ఓటు కథ కూడా చెప్పాలి. పొరుగువాడితో తగవు తీరాలంటే కొంత వదులుకోవాల్సి వస్తుందని ఆ రెండు కథలూ నేర్పుతాయి.